ఒక్క పోగుకు మూడు కొలువులు



తిరుపతి చుట్టుపక్కల పల్లెల్లో అవిసె చెట్టు తెలియనివాళ్లు ఉండరు. పువ్వూ లేతాకూ కూరకు వస్తాయి, మండలు కొట్టి పశువులకు వేస్తారు, తమలపాకు తోట ఉంటే తీగ ఎగబాకడానికి ఇదే చెట్టును నాటుతారు. 1980ల మొదట్లో అక్కడి పొలాల్లో కొన్ని అవిసె చెట్ల ఆకులు తేడాగా కనిపించాయి. ఒకే ఆకులో ఒకచోట ముదురు పచ్చ, పక్కనే వెలిసిపోయిన పచ్చ, మధ్యలో పసుపు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిశోధకులు పరీక్షించి ఇది వైరస్ పనేనని తేల్చారు. అవిసె శాస్త్రీయ నామం సెస్బేనియా కాబట్టి దానికి సెస్బేనియా మొజాయిక్ వైరస్ అని పేరు పెట్టారు.

తరువాతి కథ బెంగళూరులో నడిచింది. భారతీయ విజ్ఞాన సంస్థలో ఎచ్.ఎస్. సావిత్రి, ఎం.ఆర్.ఎన్. మూర్తి గార్ల బృందాలు ఏళ్ల తరబడి ఈ అవిసె వైరస్‌ను పట్టుకుని కూర్చున్నాయి. దాని ఆకారాన్ని ఎక్స్‌రే కిరణాలతో అణువుల స్థాయి దాకా చూశారు. దాని జన్యు సమాచారాన్ని ఆసాంతం చదివారు. తేలినదేమిటంటే, ఒకే ఒక్క ఆర్‌ఎన్‌ఏ పోగు, దాని పొడవు 4,149 అక్షరాలు, దాని చుట్టూ ఒకే రకం ప్రోటీన్‌తో కట్టిన గుండ్రటి గుల్ల. ఆ గుల్లలో సరిగ్గా 180 ప్రోటీన్ అణువులు. గుల్ల వ్యాసం 30 నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో ముప్ఫై మూడు వేలవ వంతు. ఆస్తి అంతా ఇంతే. మనిషి కణంలో ఉండే జన్యు సమాచారం మూడు వందల కోట్ల అక్షరాలకు పైనే. అవిసె చెట్టుది అంత కాకపోయినా కోట్లలోనే ఉంటుంది. నాలుగు వేల అక్షరాల వైరస్ అంత పెద్ద చెట్టు కణంలో చొరబడి, తన పోగుకు లక్షల నకళ్లు తీయించి, ఒక్కో నకలునూ తన గుల్లలోనే సర్దించుకుని బయటపడుతుంది. కణంలో అప్పటికే కిక్కిరిసి ఉన్న చెట్టు సొంత ఆర్‌ఎన్‌ఏ జోలికి సాధారణంగా పోదు. ఈ సంగతే ఈ పూట ప్రసంగ విషయం.

మొక్కలకు సోకే వైరస్‌లలో ఎక్కువ భాగం ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లే. వాటిలోనూ ఎక్కువ ప్లస్ పోగు రకానివి. ప్లస్ పోగు అంటే, కణం దాన్ని చూడగానే ప్రోటీన్ తయారీకి వచ్చిన సందేశంగా నేరుగా చదివేయగలదు. అవిసె వైరస్, పొగాకు మొజాయిక్ వైరస్, బొప్పాయిలో ఉంగరపు మచ్చ తెగులు తెచ్చే వైరస్, వేరుశనగలో కాండం కుళ్లు తెచ్చే వైరస్, అన్నీ ఈ జాతివే. వీటన్నిటికీ ఒక చిక్కు ఉంది. ఒకే పోగు మూడు కొలువులు చేయాలి. ముందు సందేశంగా మారి ప్రోటీన్లు చేయించాలి. తరువాత మూల ప్రతిగా మారి నకళ్లు తీయించాలి. చివరికి సరుకుగా మారి గుల్లలో మూట అయిపోవాలి. ఒక పనిలో ఉన్నప్పుడు రెండో పని కుదరదు.

ఎందుకు కుదరదో చూద్దాం. పోగు లోపలికి రాగానే కణంలోని రైబోజోములు దాన్ని పట్టుకుని మొదటి కొస నుంచి చివరి కొస వైపు చదువుకుంటూ పోతాయి. ఒకటి వెనుక ఒకటి బారులు తీరి ఎక్కుతాయి. అలా తయారైన మొదటి ప్రోటీన్లలో నకళ్లు తీసే ఎంజైము ఒకటి ఉంటుంది, పేరు ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్. ఆర్‌ఎన్‌ఏను చూసి ఆర్‌ఎన్‌ఏ తయారుచేసే ఇలాంటి ఎంజైమును వైరస్ మొక్క నుంచి అరువు తెచ్చుకోదు, సొంతంగా చేయించుకోవాల్సిందే. ఈ పాలిమరేజ్ పని మొదలుపెట్టేది పోగు చివరి కొస నుంచి. అంటే రైబోజోములు అటు నుంచి ఇటు, ఇది ఇటు నుంచి అటు. ఒకే దారి మీద ఎదురెదురుగా. రైబోజోములు దిగిపోతే తప్ప నకలు మొదలు కాదు. వాటిని దింపేదెవరు?

దీనికి జవాబు దొరికిన వైరస్ మన పొలాలది కాదు. బ్రోమ్ గడ్డి అనే పచ్చికకూ, బార్లీ లాంటి పైర్లకూ సోకే బ్రోమ్ మొజాయిక్ వైరస్ అది. రైతుకు దానివల్ల పెద్దగా నష్టం లేదు. శాస్త్రానికి మాత్రం అది కామధేనువే అయింది. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పాల్ ఆల్‌క్విస్ట్, ఆయన సహచరులు 1984లో దాని ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏ రూపంలోకి మార్చి, దాన్నుంచి మళ్లీ ఆర్‌ఎన్‌ఏ తయారుచేసి, ఆ చేసిన ఆర్‌ఎన్‌ఏతోనే బార్లీకి తెగులు తెప్పించారు. అంటే వైరస్‌లో ఏ అక్షరం మార్చితే ఏమవుతుందో ఇక తీరిగ్గా చూసుకోవచ్చన్నమాట. 1993లో అదే ప్రయోగశాల నుంచి ఇంకా విచిత్రమైన వార్త వచ్చింది. ఈ గడ్డి వైరస్ ఈస్ట్ కణంలో కూడా నకళ్లు తీసుకుంటోంది. రొట్టె పిండిని పులియబెట్టే ఆ ఈస్టే. ఈస్ట్ జన్యువులను ఒక్కొక్కటిగా తీసేసి చూడటం తేలిక కాబట్టి, వైరస్ ఆ కణంలో ఎవరెవరి సాయం తీసుకుంటోందో పట్టుకునే వీలు చిక్కింది.

అలా బయటపడిన ముఖ్య పాత్రధారి '1ఎ' అనే వైరస్ ప్రోటీన్. ఇది కణంలోని ఎండోప్లాస్మిక్ రెటిక్యులం అనే పొరల వల మీద అతుక్కుంటుంది. అతుక్కున్నచోట ఆ పొర లోపలికి ఉబ్బి, సన్నని మూతి ఉన్న కుండలా తయారవుతుంది. శాస్త్రవేత్తలు దాన్ని స్ఫెర్యూల్ అంటారు. వ్యాసం 50 నుంచి 70 నానోమీటర్లు, మూతి కణద్రవంలోకి తెరుచుకుని ఉంటుంది. వైరస్ ఆర్‌ఎన్‌ఏలో ఒకానొక మడతను 1ఎ ప్రోటీన్ గుర్తుపట్టి, ఆ పోగును రైబోజోముల చేతుల్లోంచి తప్పించి ఈ కుండలోకి లాగేస్తుంది. పాలిమరేజ్ కూడా 1ఎ వెంటే వస్తుంది. ఇక లోపల నకళ్ల పనే తప్ప చదువుల పని లేదు. సందేశానికీ మూలప్రతికీ మధ్య ఉన్న తగవును వైరస్ చోటు మార్చి తీర్చుకుంది.

ఈ గదికి మరో లాభం కూడా ఉంది. నకలు తీసేటప్పుడు ప్లస్ పోగును చూసి మైనస్ పోగు పుడుతుంది, మైనస్‌ను చూసి మళ్లీ ప్లస్ పోగులు పుడతాయి. ఆ మధ్యలో రెండు పోగులూ జంటగా పెనవేసుకుని ఉంటాయి. మొక్కకు ఈ జంట పోగే పెద్ద ప్రమాద సూచన. జంట ఆర్‌ఎన్‌ఏ కంటపడగానే మొక్కలోని డైసర్ తరహా ఎంజైములు దాన్ని 21 నుంచి 24 అక్షరాల ముక్కలుగా కోసేస్తాయి. ఆ ముక్కల్ని వేరే ప్రోటీన్లు పట్టుకుని, అదే వరుస ఉన్న ఆర్‌ఎన్‌ఏ ఎక్కడున్నా వెతికి నరికేస్తాయి. మొక్కల్లో ఈ చిన్న ముక్కల్ని 1999లో ఇంగ్లండులో హామిల్టన్, బౌల్కూంబ్ కనుగొన్నారు. పొర గదిలో దాక్కున్న జంట పోగు డైసర్ కంట అంత సులువుగా పడదు. అది చాలదన్నట్టు చాలా వైరస్‌లు ఆ కోతను అడ్డుకునే ప్రోటీన్లు కూడా వెంట తెచ్చుకుంటాయి. టమోటా బుషీ స్టంట్ వైరస్‌లోని 'పి19' ఆ చిన్న ముక్కల్నే పట్టుకుని బిగించేస్తుంది.

గది ఏ పొరతో కట్టాలన్నది వైరస్‌ను బట్టి మారుతుంది. టమోటా బుషీ స్టంట్ వైరస్‌కు పెరాక్సిజోముల పొర ఇష్టం. కెంటకీ విశ్వవిద్యాలయంలో పీటర్ నాగీ బృందం ఈ వైరస్‌నూ ఈస్ట్‌లో పెంచి, దాని నకళ్ల మీద ప్రభావం చూపే జన్యువులు సుమారు నూరు ఉన్నాయని పట్టుకుంది. పెరాక్సిజోములే లేని ఈస్ట్‌ను ఇస్తే ఏం చేస్తుందని కూడా చూశారు. వైరస్ ఏమాత్రం బెంగపడలేదు, ఎండోప్లాస్మిక్ రెటిక్యులం మీద దుకాణం తెరిచింది.

నకళ్ల లెక్క కూడా చిత్రమే. మైనస్ పోగులు కొద్దిగానే తయారవుతాయి. ప్లస్ పోగులు వాటికి నూరింతల దాకా ఉంటాయి. మైనస్ పోగు ఒక్కటి ఉంటే చాలు, దాన్ని చూసి ప్లస్ పోగులు ఎన్నైనా తీయవచ్చు. గుల్లలోకి వెళ్లాల్సింది ప్లస్సే కాబట్టి ఈ లెక్క వైరస్‌కు సరిపోతుంది. పాలిమరేజ్ పని వేగంగా చేస్తుంది గానీ శుద్ధంగా చేయదు. తప్పు పడితే వెనక్కి చూసి దిద్దుకునే ఏర్పాటు దానికి లేదు. పదివేల అక్షరాలకో, లక్ష అక్షరాలకో ఒక తప్పు దొర్లుతుంది. అందుకే ఒకే ఆకులోని వైరస్ కణాలన్నీ అచ్చంగా ఒక్కటే కావు.

ఇన్ని నకళ్లలో గుల్ల ప్రోటీనుకు ప్రత్యేక మర్యాద ఉంది. పాలిమరేజ్ ఒక్కో కణానికి కొద్దిపాటి చాలు, గుల్ల ప్రోటీన్ మాత్రం నకలుకు 180 చొప్పునో, పొగాకు వైరస్‌లోనైతే రెండు వేలకు పైగానో కావాలి. మరి ఒకే పోగు నుంచి ఒకటి తక్కువగా, ఇంకొకటి ఎక్కువగా ఎలా? వైరస్ మైనస్ పోగు మధ్యలో ఒక చోట నుంచి కూడా నకలు మొదలుపెట్టిస్తుంది. అలా పుట్టే పొట్టి ప్లస్ పోగులో గుల్ల జన్యువు ఒక్కటే ముందుకు వస్తుంది, రైబోజోములు దాన్ని విరివిగా చదువుతాయి. బ్రోమ్ వైరస్‌లో ఇది మధ్య నుంచే మొదలవుతుందని 1985లో మిల్లర్, డ్రెహర్, హాల్ రుజువు చేశారు. పొగాకు మొజాయిక్ వైరస్‌లో దీనికి తోడు ఇంకో కిటుకు ఉంది. అందులో మొదటి ప్రోటీన్ చివర "ఇక ఆపు" అనే గుర్తు ఉంటుంది, కానీ అది అంత గట్టిది కాదు. ఎక్కువసార్లు రైబోజోము అక్కడే ఆగుతుంది, అప్పుడప్పుడు ఆగకుండా దాటేస్తుంది. దాటినప్పుడే పాలిమరేజ్ ఉన్న పెద్ద ప్రోటీన్ తయారవుతుంది. కావలసినంత తక్కువ మోతాదులో తయారు కావడానికి ఇంతకన్నా చవకైన ఉపాయం ఉండదు.

ఇక మూట కట్టే పని. ఈ కథలో పొగాకు మొజాయిక్ వైరస్‌దే పెద్ద పీట. వైరస్ అనేదే తొలిసారి తెలిసింది దీనివల్ల. 1892లో రష్యాలో దిమిత్రీ ఇవనోవ్‌స్కీ, బ్యాక్టీరియాను ఆపేసే పింగాణీ వడపోత గుండా తెగులు రసం దాటిపోతోందని చూశాడు. 1898లో డచ్చి దేశస్థుడు బైజెరింక్ అది బ్యాక్టీరియా కాదు, వేరే రకం అంటువ్యాధి కారకం అన్నాడు. 1935లో అమెరికాలో వెండెల్ స్టాన్లీ దాన్ని ఉప్పులా స్ఫటికాలుగా మార్చి చూపాడు, దానికి 1946లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. స్టాన్లీ దాన్ని కేవలం ప్రోటీన్ అనుకున్నాడు. అందులో కొద్దిపాటి ఆర్‌ఎన్‌ఏ కూడా ఉందని మరుసటి ఏడాది ఇంగ్లండులో బావ్‌డెన్, పిరీ ప్రభృతులు తేల్చారు. ఆ "కొద్దిపాటి" పదార్థమే అసలు వారసత్వం అని తెలియడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది.

1955లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో హైంజ్ ఫ్రేంకెల్-కాన్రాట్, రోబ్లీ విలియమ్స్ కలిసి చేసిన ప్రయోగం ఇప్పటికీ చదువుతుంటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. పొగాకు వైరస్‌ను రెండుగా విడదీశారు. ఒక గొట్టంలో ప్రోటీన్, మరో గొట్టంలో ఆర్‌ఎన్‌ఏ. విడిగా ప్రోటీన్‌ను ఆకు మీద రుద్దితే ఏమీ కాలేదు. రెండూ కలిపి కొన్ని గంటలు ఉంచారు. తేటగా ఉన్న ద్రవం మెల్లగా మసకబారింది. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూస్తే అవే కడ్డీలు, మళ్లీ పుట్టాయి. ఆకు మీద రుద్దితే తెగులు వచ్చింది. పనిముట్లేవీ లేవు, కణం లేదు, విడిపోయిన భాగాలే తమను తాము కట్టుకున్నాయి. 1956లో జర్మనీలో గీరర్, ష్రామ్ ఇంకో అడుగు వేసి, ఆర్‌ఎన్‌ఏ ఒక్కదాన్నే రుద్దినా తెగులు వస్తుందని చూపారు. ఫ్రేంకెల్-కాన్రాట్, బియాట్రిస్ సింగర్ ఒక రకం వైరస్ ప్రోటీన్‌లో మరో రకం ఆర్‌ఎన్‌ఏను చుట్టి పంపారు. పుట్టిన సంతానం వేసుకున్నది ఆర్‌ఎన్‌ఏ చెప్పిన తొడుగునే, అది తొడుక్కుని వచ్చిన తొడుగును కాదు.

ఆ కడ్డీ లోపల ఆర్‌ఎన్‌ఏ ఎక్కడ ఉందో కనిపెట్టిన వారిలో రోజాలిండ్ ఫ్రాంక్లిన్ ముఖ్యురాలు. డీఎన్‌ఏ పని తరువాత ఆమె లండన్‌లోని బిర్క్‌బెక్ కళాశాలకు మారి, చివరి అయిదేళ్లూ ఎక్కువగా వైరస్‌ల మీదే గడిపింది. కడ్డీ గుల్లగా ఉందనీ, ఆర్‌ఎన్‌ఏ నడిమధ్యలో కాదు, ప్రోటీన్ గోడలోనే, అక్షం నుంచి 4 నానోమీటర్ల దూరంలో మెలికలు తిరిగి ఉందనీ ఆమె తేల్చింది. 1958 బ్రస్సెల్స్ ప్రపంచ ప్రదర్శన కోసం ఆమె బృందం ఈ వైరస్‌కు మనిషెత్తుకు చేరువైన నమూనా తయారుచేసింది. ప్రదర్శన ఏప్రిల్ 17న తెరిచారు. ఫ్రాంక్లిన్ ఆ ముందు రోజు, ఏప్రిల్ 16న క్యాన్సర్‌తో కన్నుమూసింది. వయసు 37.

ఆ కడ్డీ కొలతలు వింటే ముచ్చటేస్తుంది. పొడవు 300 నానోమీటర్లు, మందం 18. ఆర్‌ఎన్‌ఏ పొడవు 6,395 అక్షరాలు. ఒక్కో ప్రోటీన్ అణువు మూడు అక్షరాలను పట్టుకుంటుంది. 6,395ను మూడుతో భాగిస్తే 2,130కి కాస్త ఎక్కువ. కడ్డీలో ఉన్న ప్రోటీన్లు కూడా సుమారు 2,130. కడ్డీ పొడవును నిర్ణయించేది ప్రోటీన్ కాదు, లోపలి ఆర్‌ఎన్‌ఏ. పోగు అయిపోయినచోట కడ్డీ ఆగుతుంది. పొట్టి పోగు ఇస్తే పొట్టి కడ్డీ, పొడుగుది ఇస్తే పొడుగుది.

కడ్డీ ఎక్కడ మొదలవుతుంది అన్నది ఇంకా ఆసక్తికరం. ఒక చివర నుంచి మొదలవుతుందనే ఎవరైనా అనుకుంటారు. కేంబ్రిడ్జిలో ఆరన్ క్లూగ్, టోనీ బట్లర్ 1971లో ఒక సంగతి చూశారు. గుల్ల ప్రోటీన్లు ముందుగా 34 చొప్పున రెండు వరుసల చక్రాలుగా చేరతాయి. ఆ చక్రాలతో మొదలుపెడితే గంటలు పట్టే పని నిమిషాల్లో అవుతుంది. ఆర్‌ఎన్‌ఏలో చక్రం పట్టుకునే చోటు చివరన లేదు, చివరి కొస నుంచి సుమారు 900 అక్షరాల లోపలికి ఉంది. అక్కడ పోగు ఒక కొక్కెంలా మడత పడి, చక్రం మధ్య రంధ్రంలో దూరుతుంది. అక్కడి నుంచి పొడవైన భాగం రంధ్రం గుండా పైకి లాగబడుతూ, కొత్త చక్రాలు ఒకదాని మీద ఒకటి చేరుతూ పోతాయి. పెరుగుతున్న కడ్డీకి రెండు తోకలూ ఒకే వైపు వేలాడుతుంటాయి. 1977లో కేంబ్రిడ్జివాళ్లూ, ఫ్రాన్సులోని స్ట్రాస్‌బూర్‌వాళ్లూ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో ఆ జంట తోకలను చూసి ఖాయం చేశారు. క్లూగ్‌కు 1982లో నోబెల్ వచ్చింది.

ఈ మొదలు చోటు ఎక్కడుందన్నది చిన్న విషయం కాదు. ఇందాక చెప్పిన పొట్టి పోగు, గుల్ల ప్రోటీన్ కోసం తీసేది, ఈ చోటుకు అవతల మొదలవుతుంది. అందులో కొక్కెం లేదు కాబట్టి అది మూటలోకి ఎక్కదు. రైబోజోముల దగ్గరే ఉండి పని చేసుకుంటుంది. అలసందకూ జనుముకూ సోకే దీని దాయాది వైరస్‌లో మాత్రం ఆ కొక్కెం గుల్ల జన్యువులోనే ఉంది. ఫలితంగా దాని పొట్టి పోగు కూడా మూటకట్టుకుపోతుంది. సూక్ష్మదర్శినిలో పొడుగు కడ్డీల మధ్య పొట్టి కడ్డీలు చెల్లాచెదురుగా కనిపిస్తాయి. పొగాకు వైరస్ చేసిన ఏర్పాటు ఎంత పొదుపైనదో తెలియాలంటే ఈ దాయాదిని పక్కన పెట్టి చూడాలి.

కడ్డీల సంగతి ఇది. గుండ్రటి వైరస్‌లు ఇంత సూటిగా మాట్లాడవు. 1978లో హార్వర్డ్‌లో స్టీఫెన్ హారిసన్ బృందం టమోటా బుషీ స్టంట్ వైరస్ గుల్లను అణు స్థాయిలో చూసింది. ఒక వైరస్‌ను అలా పూర్తిగా చూడటం అదే మొదలు. గుల్ల స్పష్టంగా కనిపించింది, లోపలి ఆర్‌ఎన్‌ఏ మాత్రం మసకగా మిగిలిపోయింది. గుల్లకున్న క్రమం లోపలి పోగుకు లేదు. అప్పుడే ఒక విషయం తెలిసింది. ప్రతి గుల్ల ప్రోటీన్‌కూ లోపలి వైపు ఒక తోక ఉంటుంది, అందులో ధనావేశం ఉన్న ఆర్జినైన్, లైసిన్ అనే అమైనో ఆమ్లాలు ఎక్కువ. ఆర్‌ఎన్‌ఏకు ఋణావేశం. రెండూ సహజంగానే అతుక్కుంటాయి.

తిరుపతి అవిసె వైరస్ ఇక్కడే పనికొచ్చింది. సావిత్రి గారి బృందం దాని గుల్ల ప్రోటీన్‌ను ఈ.కోలి బ్యాక్టీరియాలో తయారుచేయించింది. 268 అమైనో ఆమ్లాల ఆ ప్రోటీన్, వైరస్ ఆర్‌ఎన్‌ఏ దగ్గర లేకపోయినా, బ్యాక్టీరియా లోపలే 180 చొప్పున చేరి గుల్లలు కట్టేసుకుంది. విప్పి చూస్తే వాటిలో ఉన్నది బ్యాక్టీరియా రైబోజోము ఆర్‌ఎన్‌ఏ! ఏది దొరికితే అది నింపుకుంది. తోకలోని ఆర్జినైన్లను ఋణావేశం ఉన్న గ్లూటమేట్‌గా మార్చి చూశారు. గుల్లలు అప్పుడూ కట్టుకున్నాయి, కానీ ఖాళీగా. పట్టు కూడా తగ్గింది. తోక దగ్గర 65 అమైనో ఆమ్లాలను తీసేస్తే ఇక 180ల గుల్ల రానేరాదు, 60 ప్రోటీన్ల చిన్న గుల్ల వచ్చింది. ప్రోటీన్ల మధ్య కీళ్లలో కాల్షియం అయాన్లు కూర్చుని గుల్లను బిగించి ఉంచుతాయి, వాటిని లాగేస్తే గుల్ల బలహీనపడుతుంది. మన ఊరి చెట్టు మీద కనిపించిన వైరస్ ఇంత చెప్పిందంటే ఆ ప్రయోగశాలల ఓపిక మెచ్చుకోవలసిందే.

బ్యాక్టీరియాలో చేతికందిన ఆర్‌ఎన్‌ఏనల్లా నింపుకున్న ప్రోటీన్, అవిసె ఆకులో మాత్రం తన వైరస్ పోగునే ఎలా ఎంచుకుంటోంది? గుండ్రటి వైరస్‌ల విషయంలో చాలాకాలం వేధించిన ప్రశ్న ఇది. దీని మీద పట్టుబట్టి పనిచేసినవారిలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రివర్‌సైడ్ శాఖలోని ఎ.ఎల్.ఎన్. రావు ఒకరు. ఆయన ఎంచుకున్నది బ్రోమ్ మొజాయిక్ వైరస్. ఒక రకం పొగాకు మొక్క ఆకుల్లోకి, ఆగ్రోబ్యాక్టీరియం సాయంతో, వైరస్ ఆర్‌ఎన్‌ఏలనూ గుల్ల ప్రోటీన్‌నూ పంపించారు. ఒక పద్ధతిలో నకళ్లు తీసే యంత్రాంగం కూడా ఉంది, మరో పద్ధతిలో లేదు. రెండో దానిలో ఆర్‌ఎన్‌ఏ ఉంది, గుల్ల ప్రోటీన్ ఉంది, గుల్లలూ కట్టుకున్నాయి. కానీ లోపల మొక్క ఆర్‌ఎన్‌ఏ కలగాపులగంగా చేరింది. నకళ్లు నడుస్తున్న ఆకుల్లో మాత్రం గుల్లల్లో వైరస్ ఆర్‌ఎన్‌ఏయే ఉంది. 2005, 2006లలో వచ్చిన ఈ ఫలితాలతో ఒక సంగతి స్థిరపడింది. పోగు మీద ఉన్న గుర్తు ఒక్కటే సరిపోదు. ఆ పోగు నకళ్ల యంత్రం లోంచి అప్పుడే బయటికి వస్తూ ఉండాలి, దాన్ని చుట్టే ప్రోటీన్ కూడా నకళ్లు నడుస్తున్న ఆర్‌ఎన్‌ఏ నుంచే పుట్టాలి.

పాఠ్యపుస్తకాల్లో నకలు ఒక అధ్యాయం, మూట ఇంకో అధ్యాయంగా ఉంటాయి. ఆ విభజన చదువుకోవడానికి సుఖమే గానీ, కణంలో రెండూ ఒకే వాకిట్లో జరుగుతున్నాయి. ఎంపిక అనే కష్టమైన పనిని వైరస్ చాలావరకు చిరునామాకు వదిలేసింది.

బ్రోమ్ వైరస్ ఇంకో తిక్క కూడా చేస్తుంది. దాని సమాచారం మూడు ఆర్‌ఎన్‌ఏ పోగుల్లో విడివిడిగా ఉంటుంది. మొదటిది ఒక గుల్లలో, రెండోది ఇంకో గుల్లలో, మూడోది గుల్ల ప్రోటీన్ తాలూకు పొట్టి పోగుతో కలిసి మరో గుల్లలో. బయటికి మూడు గుల్లలూ ఒకేలా కనిపిస్తాయి. ఒక కణానికి తెగులు పూర్తిగా సోకాలంటే మూడూ ఆ కణంలోకే రావాలి. ఇది తెలివితక్కువ పనిలా కనిపిస్తుంది. కానీ ఇదే కుటుంబానికి చెందిన ఒక వైరస్ అనంతపురం జిల్లాలో ఏం చేసిందో రాయలసీమ రైతులకు గుర్తుంటుంది.

2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో వేరుశనగ ఉన్నట్టుండి ఎండిపోవడం మొదలైంది. లేత ఆకుల మీద మాడిన మచ్చలు, తొడిమెలు, ఆ పైన మొవ్వ, చివరికి కాండమే నల్లబడి చావడం. మొదట చూసినవాళ్లు పాతకాలపు మొవ్వకుళ్లు తెగులే అనుకున్నారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఆకుల రసం తీసి అలసంద మొక్కల లేత ఆకుల మీద, కార్బొరండం పొడి చల్లి సుతారంగా రుద్దారు. గరుకు పొడి ఆకు పైపొరను కంటికి కనిపించనంతగా గీరుతుంది, ఆ గీతల్లోంచే వైరస్ లోపలికి దిగుతుంది. కొద్ది రోజుల్లో రుద్దినచోట ముదురు మచ్చలు లేచాయి. ఆ తరువాతి పరీక్షల్లో దోషి మొవ్వకుళ్లు వైరస్ కాదు, టొబాకో స్ట్రీక్ వైరస్ అని తేలింది. ఆ ఏడాది సుమారు 2.25 లక్షల హెక్టార్లలో పంట దెబ్బతిన్నదనీ, నష్టం 300 కోట్ల రూపాయల పైమాటేననీ అంచనా.

ఈ వైరస్‌కు కూడా మూడు పోగులు, వేర్వేరు గుల్లలు. పైగా దాని వర్గానికి ఒక వింత అలవాటు ఉంది. దాని దగ్గరి బంధువు అల్ఫాల్ఫా మొజాయిక్ వైరస్‌తో హాలండులోని లైడెన్‌లో 1971లో తొలిసారి తెలిసింది అది. మూడు ఆర్‌ఎన్‌ఏలనూ శుద్ధి చేసి ఆకుకు రుద్దితే తెగులు రాలేదు. వాటికి కాస్తంత గుల్ల ప్రోటీన్ కలిపితే వచ్చింది. అంటే మామూలుగా చివర్లో రావలసిన గుల్ల ప్రోటీన్, వీటిలో మొదటే కావాలి. ఆర్‌ఎన్‌ఏ చివరి కొసలను ఆ ప్రోటీన్ అణువులు కొన్ని పట్టుకుంటేనే కథ మొదలవుతుంది. అల్ఫాల్ఫా వైరస్ ఆర్‌ఎన్‌ఏకు టొబాకో స్ట్రీక్ గుల్ల ప్రోటీన్ కలిపినా పనిచేస్తుంది. రెండు వేర్వేరు వైరస్‌లు ఒకరి తాళంచెవితో ఇంకొకరు తలుపు తీసుకుంటున్నాయి. పొగాకు వైరస్ ఒట్టి ఆర్‌ఎన్‌ఏతోనే తెగులు తెప్పించగలదని చూపిన గీరర్, ష్రామ్ ఫలితం అన్నిటికీ వర్తించదని అప్పుడు తెలిసింది.

పొగాకు వైరస్ గుల్ల మరి ఎలా విప్పుకుంటుంది? ఆకు కణంలోకి చేరగానే కాల్షియం తగ్గడం, ఆమ్లత మారడం వల్ల కడ్డీ మొదటి కొస దగ్గర కొన్ని ప్రోటీన్లు వదులవుతాయి. బయటపడిన ఆ కాస్త ఆర్‌ఎన్‌ఏను రైబోజోము పట్టుకుని చదువుకుంటూ ముందుకు పోతుంటే, దాని దెబ్బకు మిగతా గుల్ల ఊడిపోతూ ఉంటుంది. 1980లలో ఇంగ్లండులో మైకేల్ విల్సన్ చూపిన సంగతి ఇది. చదవడమూ విప్పడమూ ఒకే పని. 1986లో అమెరికాలో రోజర్ బీచీ బృందం పొగాకు మొక్కలోనే వైరస్ గుల్ల ప్రోటీన్‌ను ముందుగా తయారుచేయించింది. అలాంటి మొక్కలు వైరస్‌ను చాలావరకు తట్టుకున్నాయి. వాటి మీద గుల్ల తీసేసిన ఒట్టి ఆర్‌ఎన్‌ఏను రుద్దితే మాత్రం తెగులు వచ్చేసింది. మొక్కలో ముందే ఉన్న ప్రోటీన్, వచ్చిన గుల్లను విప్పనివ్వలేదన్నమాట. హవాయి ద్వీపాల్లో బొప్పాయి తోటలను ఉంగరపు మచ్చ వైరస్ నుంచి కాపాడిన రెయిన్‌బో బొప్పాయి కూడా ఇలా వైరస్ గుల్ల జన్యువును చేర్చినదే. 1998లో రైతులకు అందింది. దానిలో మాత్రం అడ్డుకున్నది ప్రోటీన్ కాదు, ఇందాక చెప్పిన ఆ డైసర్ కోతే.

అనంతపురం వేరుశనగకు ఇలాంటి మందేదీ లేదు. అక్కడ వైరస్‌కు ఆశ్రయం ఇచ్చింది వయ్యారిభామ. పొలం గట్ల మీదా, బంజర్లలోనూ, రోడ్డు పక్కలా విరగబూసే ఆ కలుపు మొక్కకు వైరస్ సోకినా ఏ లక్షణమూ కనిపించదు, పచ్చగానే ఉంటుంది. దాని పుప్పొడిలో వైరస్ ఉంటుంది. పుప్పొడి తామర పురుగుల ఒంటికి అంటుకుని, గాలి తోడై, వేరుశనగ ఆకు మీద పడుతుంది. పురుగు ఆకును గీరినప్పుడు పుప్పొడిలోని వైరస్ ఆ గాటులోంచి లోపలికి పోతుంది. ఒక పుప్పొడి రేణువు వెంట వచ్చేవి ఒకటి రెండు గుల్లలు కావు కాబట్టి, మూడు పోగులూ ఒకే కణంలో కలుసుకోవడం అంత కష్టం కాదు. మూడుగా విడిపోయిన వైరస్ ఎలా నెగ్గుకొస్తుందన్న సందేహానికి ఇదొక సమాధానం. వ్యవసాయ శాస్త్రవేత్తలు ఇచ్చిన సలహాలు కూడా దీని చుట్టూనే ఉన్నాయి. వయ్యారిభామను పూతకు రాకముందే పీకేయమన్నారు. పొలం చుట్టూ జొన్న గానీ సజ్జ గానీ కొన్ని వరుసలు దట్టంగా వేయమన్నారు, పుప్పొడితో వచ్చే పురుగు ముందు అక్కడ ఆగుతుంది. విత్తనానికి ఇమిడాక్లోప్రిడ్ పట్టించి విత్తమన్నారు. పొలంలో తెగులు సోకిన వేరుశనగ నుంచి పక్క వేరుశనగకు వ్యాప్తి అంతగా లేదు, ఎందుకంటే తామర పురుగులు మోసుకొచ్చే పుప్పొడి గట్టు మీది వయ్యారిభామది.